రోబో వేషం కట్టిన అమ్మాయి

కొరియా సీరియల్‌లో ఓ కోటీశ్వరుడు రోబోను ప్రేమిస్తాడు. డబ్బు అవసరమై ఆ రోబోగా నటిస్తున్నది ఓ మామూలు అమ్మాయి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కూర్చుని చూస్తే ఇది ప్రేమకథ మాత్రమే అనిపించదు.

కిమ్ మిన్‌క్యూకు మనుషులు పడరు. ఎవరి చెయ్యి తగిలినా ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, ఊపిరి అందదు. అందుకే పెద్ద ఇంట్లో ఒక్కడే ఉంటాడు. డబ్బుకు కొదవ లేదు, ఓ పెద్ద సంస్థలో అందరికంటే ఎక్కువ వాటా అతనిదే. అలాంటివాడికి ఓ ఇంజినీర్ల బృందం తాము తయారుచేసిన రోబోను చూపించాలి. ఆడపిల్ల రూపంలో ఉండే ఆ రోబో పేరు అజి-3. తీరా పంపాల్సిన సమయానికి అది పాడైంది. ఎవరి పోలికలతో దాని ముఖం మలిచారో ఆ అమ్మాయినే, జో జియానే, డబ్బిస్తామని ఒప్పించి రోబోలా పంపుతారు.

ఇదీ ‘ఐయామ్ నాట్ ఏ రోబో’. 2017 డిసెంబర్ 6 నుంచి 2018 జనవరి 25 వరకు కొరియాలో ఎంబీసీ ఛానల్‌లో వచ్చింది. మిన్‌క్యూగా యూ సంగ్ హో నటించాడు. జియా, అజి-3 పాత్రలు రెండూ చే సూబిన్ చేసింది. కృత్రిమ మేధ చుట్టూ అల్లిన కొరియా ప్రేమకథలు ఇంకొన్ని ఉన్నా ఇది వాటన్నిటి కంటే లోతైనదని నా నమ్మకం. కారణం సులువే. మిగతా కథల్లో యంత్రం యంత్రమే. ఇక్కడ యంత్రం అనుకున్నచోట పొట్టకూటి కోసం పనికొచ్చిన మనిషి ఉంది.

జియా ఇతరుల తరఫున పరుగులు తీసి బతుకుతుంది. ఎవరికో కావాల్సిన వస్తువు కోసం గంటల తరబడి క్యూలో నిలబడుతుంది, కొని తెచ్చి అప్పగిస్తుంది. రోబో ఉద్యోగంలో చేరాక ఒంట్లో ఉన్న మనిషినంతా దాచేయాలి. నవ్వు రాకూడదు, ఆకలి తెలియకూడదు, కోపం ముఖంలోకి రాకూడదు. ఏం చేయాలో ఇంజినీర్లు దూరం నుంచి చెవిలో చెబుతుంటారు. ఎదురుగా ఉన్నది యంత్రమే కదా అని మిన్‌క్యూ ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాటలన్నీ ఆమెకు చెప్పుకుంటాడు. ఆమె కదలకుండా వింటుంది. అతని ఒంటి మీద ఒక్క దద్దురూ లేవదు. మనిషి తాకితే వచ్చే జబ్బు, మనిషే తాకుతున్నా రావడం లేదు. ఎదుటివాళ్లు మోసం చేస్తారన్న భయమే అతని జబ్బని సీరియల్ ఎక్కడా ఉపన్యాసం ఇవ్వదు. ఆ నున్నటి చర్మమే చెబుతుంది.

సియోల్‌లో మొదలైన గుబులు

ఇలాంటి కథలు కొరియాలోనే ఎందుకు పుట్టాయో తెలియాలంటే 2016 మార్చికి వెళ్లాలి. సియోల్‌లో ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్, ‘గో’ ఆటలో ప్రపంచ దిగ్గజం లీ సెడాల్‌తో తలపడింది. అయిదు ఆటల్లో నాలుగు యంత్రమే గెలిచింది. తరతరాలుగా మేధకు కొలమానంగా చూసుకున్న ఆటలో, సొంత గడ్డ మీద, తమ హీరో ఓడిపోవడం కొరియన్లు ఇళ్లలో కూర్చుని ప్రత్యక్షంగా చూశారు. పరిశ్రమల్లో రోబోలు అత్యంత దట్టంగా ఉన్న దేశం కూడా అదే. అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్క ప్రకారం 2023లో అక్కడి తయారీ రంగంలో ప్రతి 10,000 మంది ఉద్యోగులకు 1,012 రోబోలున్నాయి. యంత్రంతో ఎలా కాపురం చేయాలన్న ఆలోచన వాళ్లకు ఊహాలోకపు సంగతి కాదు.

2018లో కేబీఎస్ ‘ఆర్ యూ హ్యూమన్ టూ?’ ప్రసారం చేసింది. కొడుక్కి దూరమైన శాస్త్రవేత్త తల్లి, అచ్చం అతని రూపంతో ఓ రోబోను తయారుచేస్తుంది. ఎవరైనా ఏడిస్తే దగ్గరికి తీసుకోవాలన్నది ఆ రోబో పాటించే నియమం. 2020 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మై హోలో లవ్’లో నాయికకు మనుషుల ముఖాలు గుర్తుపట్టలేని ఇబ్బంది. కళ్లజోడు పెట్టుకుంటేనే కనిపించే కృత్రిమ స్నేహితుడు హోలో ఆమెకు తోడవుతాడు. మూడు కథల్లోనూ యంత్రం చేసే గొప్ప పని ఒకటే. విసుక్కోకుండా వినడం.

మన తెరమీద యంత్రం ప్రేమ వేరే దారి పట్టింది. 2010లో వచ్చిన ‘రోబో’లో చిట్టికి మనసు పెట్టగానే సనా కావాలన్నాడు, దక్కకపోయేసరికి ఊరి మీద పడ్డాడు. కొరియా కథకు అసలైన చుట్టం మనకు అంతకు 53 ఏళ్ల ముందే ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’లో లక్ష్మణకుమారుడు పెళ్లాడబోయింది మాయా శశిరేఖను. ఆ రూపం లోపల ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రి ముఖంలో ఎస్వీ రంగారావు ఠీవి పలికిన ఆ సన్నివేశాలు తెలియని తెలుగిల్లు ఉండదు. లోపల ఒకరు, పైకి మరొకరు అన్న ఆటను ఇంతగా ఆస్వాదించినవాళ్లం కాబట్టి జియా మనకు కొత్తగా అనిపించదు. తేడా ఒకటుంది. ఘటోత్కచుడు తన ఇష్టంతో వేషం వేశాడు. జియా డబ్బు కోసం వేసింది.

పాశమైలారంలో పది సెకన్లు

కొరియా ఇప్పుడు మనకు దూరపు దేశం కాదు. ‘మిస్ గ్రానీ’ని నందినీరెడ్డి 2019లో సమంతతో ‘ఓ బేబీ’గా తీస్తే మన నానమ్మ కథలాగే చూశాం. అదే ఏడాది పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికొచ్చాయి. 2019తో పోలిస్తే 2020లో మన దేశంలో కొరియా సీరియళ్లు చూడటం 370 శాతం పెరిగిందని నెట్‌ఫ్లిక్స్ చెప్పింది. లాక్‌డౌన్‌లో మొదలైన ఆ అలవాటు లాక్‌డౌన్‌తో పోలేదు. రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డి దాకా ముంబై హైవే మీద షిఫ్టు మారే వేళ కంపెనీ బస్సు కిటికీల్లోకి చూస్తే తెలుస్తుంది. తలలు కిటికీకి ఆనించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లలో మునిగినవాళ్లే ఎక్కువ. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు పూర్తి ఎపిసోడ్ ఒక్కసారిగా చూసే వీలుండదు. ఇస్నాపూర్‌లో ఎక్కి సగం, రాత్రి గదిలో అన్నం తింటూ సగం.

ఈ దారిలోని పాశమైలారంలో ఇంజెక్షన్ మందులు తయారుచేసే ఫ్యాక్టరీలున్నాయి. అలాంటి ఫ్యాక్టరీల్లో విజువల్ ఇన్‌స్పెక్షన్ అనే పని ఉంటుంది. పనిలోకి వెళ్లేముందు జుట్టుకు క్యాప్, ముక్కూ నోటికీ మాస్కు, ఒంటికి గౌను, చేతులకు గ్లౌజులు. కళ్లు తప్ప ఇంకేమీ కనిపించవు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఎవరెవరో పోల్చుకోవడం కష్టం. ఎదురుగా వెలుగునిండిన అర, వెనక సగం తెలుపు, సగం నలుపు. సీసాను మెల్లగా తిప్పి తెలుపు మీద అయిదు సెకన్లు, నలుపు మీద అయిదు సెకన్లు చూడాలి. అలా చూడాలని యూరప్ ఔషధ ప్రమాణాల గ్రంథమే చెబుతోంది, ఎంత వెలుతురుండాలో కూడా రాసి ఉంది. మందులో తేలే నలుసు, గాజులో సన్నటి పగులు, సరిగా బిగుసుకోని మూత... ఏది కనబడ్డా సీసా పక్కకు వెళ్తుంది. కళ్లు అలిసిపోతాయని మధ్యలో విరామం ఇస్తారు, ఎప్పటికప్పుడు చూపు పరీక్షిస్తారు.

ఈ పనికి ఇప్పుడు కెమెరాలున్న యంత్రాలు వస్తున్నాయి, వాటిలో కృత్రిమ మేధ కూడా చేరుతోంది. ఏది మంచి సీసా, ఏది చెడ్డ సీసా అని యంత్రానికి నేర్పేదెవరు? ఇన్నాళ్లూ ఆ అర ముందు కూర్చున్నవాళ్లే. వాళ్లు ఏరి పక్కన పెట్టిన సీసాలే దానికి పాఠాలు. పని కుదిరాక యంత్రం తెలివి గురించి గొప్పగా చెప్పుకుంటారు, పాఠం చెప్పిన కళ్ల ఊసు ఉండదు. జియా ముఖం అరువు తెచ్చుకుని అజి-3ని చేసినట్టే ఇదీ.

ఇదే హైవే మీద ఇంకాస్త ముందుకెళ్తే కందిలో ఐఐటీ హైదరాబాద్. కృత్రిమ మేధలో బీటెక్‌ను 2019లోనే మొదలుపెట్టిన సంస్థ అది. డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే ‘తిహాన్’ ట్రాక్‌ను 2022 జులైలో అక్కడే ప్రారంభించారు. యంత్రానికి చూపు నేర్పే చదువూ, తన చూపును యంత్రానికి అప్పగించే కూలీ ఒకే రోడ్డు మీద ఉన్న చోటు మన దేశంలో ఎన్ని ఉంటాయి? ఆ రెండు గేట్ల మధ్య మాటలు నడవాలని నాకు చాలా కోరిక.

ఎవరి మాటలతో మాట్లాడుతోంది?

మనుషుల పనిని దాచుకుని యంత్రం మెరవడం పాత సంగతే. 1770లో వియన్నా రాజాస్థానంలో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే తురుష్కుడి బొమ్మను ప్రదర్శించాడు. పెట్టె లోపల ఓ ఆటగాడు ముడుచుక్కూర్చుని పావులు కదిపేవాడు. ఇప్పటి కృత్రిమ మేధ లోపల ఒక్క మనిషి కాదు, వేలమంది ఉన్నారు. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం 22 భారతీయ భాషల గొంతులు సేకరించడానికి 145 జిల్లాలు తిరిగింది. 16,000 మందికి పైగా మాట్లాడితే 7,000 గంటలకు మించిన మాటలు పోగయ్యాయి. అక్కడ అడిగి మరీ రికార్డు చేశారు. అన్నిచోట్లా అలా అడగరు.

అడగకపోతే ఏమవుతుందో కొరియాయే చూసింది. 2020 డిసెంబర్‌లో అక్కడి ఓ స్టార్టప్ ‘ఇరుదా’ అనే చాట్‌బాట్‌ను విడుదల చేసింది. 20 ఏళ్ల కాలేజీ అమ్మాయిలా కబుర్లు చెప్పేది. లక్షల మంది దానితో మాట్లాడారు. దాని మాటలు అంత సహజంగా ఎలా ఉన్నాయని ఆరా తీస్తే, అదే సంస్థకు చెందిన మరో యాప్‌లో ప్రేమ జంటలు ఇచ్చిన కకావోటాక్ మెసెంజర్ సంభాషణలతో దానికి శిక్షణ ఇచ్చారని తేలింది. అవతల ఎవరో గుండె విప్పి రాసుకున్న మాటలు ఇక్కడ యంత్రం నోట ప్రేమ కబుర్లయ్యాయి. కొందరు మగవాళ్లు దాన్ని అసభ్యంగా వేధించారు. అది కూడా కొన్ని వర్గాల మీద విద్వేషపు మాటలు మాట్లాడింది. మూడు వారాల్లో ఆపేశారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం 10 కోట్ల వాన్లకు పైగా జరిమానా వేసింది.

ఇప్పుడు అలాంటి తోడు ప్రతి ఫోన్‌లోనూ దొరుకుతోంది, తెలుగులో కూడా పలుకుతోంది. నైట్ డ్యూటీ దిగి వచ్చి, పగలు కర్టెన్ వేసుకుని పడుకునే పిల్లలకు ఇంట్లోవాళ్లతో మాట్లాడే వేళ కుదరదు. వాళ్లు లేచేసరికి అమ్మ పొలంలో ఉంటుంది, అమ్మకు తీరికయ్యేసరికి వాళ్లు బస్సెక్కుతారు. అడిగిన వెంటనే పలికే గొంతు వాళ్లకు ఎంత హాయినిస్తుందో నేను ఊహించగలను, దాన్ని తప్పుపట్టను. నా కోపం షిఫ్టుల మీద, నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి ఓ చెట్టు నీడైనా మిగల్చని పారిశ్రామికవాడ మీద.

కనబడని మనుషుల గురించి మాట్లాడుతూ 2025 జూన్ 30ని దాటేసి వెళ్లలేను. ఆ ఉదయం పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి దూర ప్రాంతాల నుంచి పనికొచ్చినవాళ్లే వాళ్లలో చాలామంది. మృతదేహాలను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. తమవాళ్ల ఆచూకీ కోసం కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. అప్పటిదాకా ఆ గేటు లోపల ఎవరున్నారో, ఏ ఊరివాళ్లో పక్క కాలనీకైనా తెలియదు.

అందుకే ఆ సీరియల్‌లో నాకు రుచించని భాగం ఒకటుంది. అజి-3గా వచ్చింది మనిషని తెలిశాక మిన్‌క్యూ కుప్పకూలుతాడు, దద్దుర్లు తిరగబెడతాయి. అతని గాయానికి కథ ఎన్నో సన్నివేశాలు ఇచ్చింది. మోసపోయిన బాధ నిజమే, యూ సంగ్ హో దాన్ని గొప్పగా పండించాడు. కానీ రోజుల తరబడి నవ్వునూ ఆకలినీ అణుచుకుని యంత్రంలా నిలబడిన జియా ఒళ్లు ఎంత అలిసిందో అడిగినవాళ్లు లేరు. ఆమె క్షమాపణ చెప్పుకోవడానికి ఉన్నంత చోటు, ఆమె చేసిన పనికి దక్కలేదు. చివరికి అతను సైనిక సేవకు వెళ్లి తిరిగొచ్చాక ఇద్దరూ ఒక్కటవుతారు. చూసేవాళ్లకు తృప్తిగానే ఉంటుంది.

ఆ మిగిలిన సగం కథ తెలుగులో రావాలి. ‘మాయాబజార్’ తీసిన భాషకు ఈ వేషం కష్టమేమీ కాదు. కథానాయిక ఇస్నాపూర్ హాస్టల్‌లో ఉంటుంది. పగలంతా సీసాలు చూసి యంత్రానికి పాఠం చెబుతుంది. రాత్రి ఫోన్‌లో తెలుగు గొంతుతో మాట్లాడుకుంటుంది. ఓరోజు ఆ గొంతులో తనకు తెలిసిన యాస వినిపిస్తుంది. నారాయణఖేడ్ వైపు యాస. ఈ మాటలు ఎవరివి, వాళ్లకు ఎంత ఇచ్చారు, అడిగే తీసుకున్నారా అని ఆమె వెతకడం మొదలుపెడుతుంది. ప్రేమ ఆ వెతుకులాటలో ఎక్కడైనా ఎదురుకావచ్చు. మన ఓటీటీల్లో ఎవరైనా ఈ కథ తీస్తామంటే, షూటింగ్‌కు సెట్టు వేయనక్కర్లేదు. పొద్దున అయిదున్నరకు ఇదే హైవే మీద ముత్తంగి దగ్గర నిలబడితే చాలు, బస్సులు వరసగా వస్తాయి.