మీకు తెలుసా? పిస్టల్ మొరాయిస్తే ముందు మ్యాగజైన్ చూడాలి

సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పదేపదే మొరాయిస్తుంటే, చాలాసార్లు దోషం బుల్లెట్లు నింపే మ్యాగజైన్‌లోనే ఉంటుంది. దాని పైఅంచులు రవ్వంత వంగినా, లోపలి స్ప్రింగ్ బలహీనపడినా బుల్లెట్ ఛాంబర్‌లోకి సరిగా ఎక్కదు. అందుకే తెలిసినవాళ్లు మ్యాగజైన్లకు నంబర్లు వేసి, ఏది పెట్టినప్పుడు ఇరుక్కుంటోందో గమనిస్తారు. మణికట్టు వదులుగా ఉంచి పిస్టల్ పట్టినా ఇబ్బందే. పిస్టల్ పైన ఉండే స్లైడ్ పూర్తిగా వెనక్కి జరగక ఖాళీ షెల్ బయటపడకుండా చిక్కుకుంటుంది.

అయితే 1911లో అమెరికా సైన్యం పెట్టిన పరీక్షలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్టల్ 6,000 రౌండ్లు కాల్చినా ఒక్కసారీ ఆగలేదు. వేడెక్కినప్పుడల్లా నీళ్లలో ముంచి మళ్లీ కాల్చారు! పోటీకి దిగిన సావేజ్ పిస్టల్ మాత్రం 37 సార్లు మొరాయించింది.

ఏ లోపం వెతకాలన్నా ముందు మ్యాగజైన్ తీసేసి, ఛాంబర్‌లో బుల్లెట్ లేదని కళ్లారా చూసుకోవాలి.