అణు కేంద్రాల్లో లోపం చెప్పిన ఉద్యోగికి చట్టం అండ ఎంత?

అణు కేంద్రంలో పైపు పగులునైనా, తప్పుడు తనిఖీ నివేదికనైనా మొదట గుర్తించగలిగేది అక్కడ రోజూ పనిచేసే ఉద్యోగే. ఆ విషయం పైకి చెప్పినందుకు అతని కొలువే పోతే, రేపు మరొకరు నోరు విప్పడానికి సాహసించరు. అందువల్ల ప్రజావేగుల రక్షణను కార్మిక హక్కుగానే కాక, అణు భద్రతలో అంతర్భాగంగానూ పరిగణించవలసి ఉంటుంది.

అమెరికాలో ఇందుకు ప్రత్యేక నిబంధన ఉంది. 1974 నాటి ఇంధన పునర్వ్యవస్థీకరణ చట్టానికి 1978లో దీనిని జతచేశారు. భద్రతా లోపాలపై ఫిర్యాదు చేసిన, చట్టవిరుద్ధమైన పనికి నిరాకరించిన ఉద్యోగిని తొలగించడం, స్థాయి తగ్గించడం, వేధించడం దీని కింద నిషిద్ధం. తొలుత ఫిర్యాదుకు 30 రోజుల గడువే ఉండగా, 1992లో దానిని 180 రోజులకు పెంచారు. ఫిర్యాదును కార్మిక శాఖకు సమర్పించాలి.

రుజువు భారాన్ని చట్టం ఇరుపక్షాలకూ పంచింది. తనపై చర్యకు తాను చేసిన ఫిర్యాదు కూడా ఒక కారణమని ఉద్యోగి చూపితే చాలు. ఆ ఫిర్యాదు లేకున్నా అదే చర్య తీసుకునేవారమని స్పష్టమైన, బలమైన ఆధారాలతో నిరూపించవలసిన బాధ్యత యాజమాన్యానిది. ఉద్యోగి నెగ్గితే పునర్నియామకం, వేతన బకాయిలు, నష్టపరిహారం లభిస్తాయి. ఏడాదిలోగా కార్మిక శాఖ తుది నిర్ణయం ఇవ్వకుంటే ఫెడరల్ కోర్టును ఆశ్రయించే వీలును 2005లో కల్పించారు.

అయితే కాగితంపై ఉన్న రక్షణ ఆచరణలో ఎంత నెమ్మదిగా అందుతుందో వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్ ఉదంతం చెబుతుంది. అణ్వాయుధాలకు ప్లుటోనియం తయారుచేసిన ఆ ప్రాంతంలో 177 భూగర్భ ట్యాంకుల్లో దాదాపు 5.6 కోట్ల గ్యాలన్ల అణు వ్యర్థాలు పేరుకున్నాయి. వాటిని గాజుగా మార్చే కర్మాగారం రూపకల్పనలో లోపాలున్నాయని సీనియర్ ఇంజనీర్ వాల్టర్ టమోసైటిస్ 2010లో హెచ్చరించారు. ట్యాంకుల్లో వ్యర్థాలు సరిగా కలవకపోతే హైడ్రోజన్ పేరుకుపోవచ్చన్నది ఆందోళనల్లో ఒకటి. ఆ వెంటనే ఆయనను ప్రాజెక్టు నుంచి తప్పించారు. నేలమాళిగలోని గదికి పంపి, పనిలేకుండా కూర్చోబెట్టారని ఆయన ఆరోపించారు. 2013లో ఉద్యోగం నుంచి తొలగించారు.

ఈలోగా, 2011లో, ఆ ప్రాజెక్టు భద్రతా సంస్కృతి లోపభూయిష్ఠంగా ఉందని రక్షణ అణు కేంద్రాల భద్రతా మండలి తేల్చింది. 2014లో అప్పీళ్ల కోర్టు ఆయన కేసును జ్యూరీ విచారణకు అనుమతించింది. 2015లో ఆయన యాజమాన్య సంస్థ యూఆర్ఎస్ 41 లక్షల డాలర్లు చెల్లించేందుకు రాజీపడింది. ప్రతీకార చర్య తీసుకున్నామన్న ఆరోపణను మాత్రం అంగీకరించలేదు. హెచ్చరికకూ పరిష్కారానికీ మధ్య ఐదేళ్లు గడిచాయి.

భారత్‌లో పరిస్థితి భిన్నం. ప్రజావేగుల రక్షణ చట్టానికి 2014లో రాష్ట్రపతి ఆమోదం లభించినా, దానిని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ వెంటనే రాలేదు. ఏళ్ల తరబడి వాయిదా పడింది. 2004 నాటి కేంద్ర ప్రభుత్వ తీర్మానం ప్రకారం ఫిర్యాదుదారు వివరాలను కేంద్ర విజిలెన్స్ కమిషన్ గోప్యంగా ఉంచుతుంది. కానీ ఆ ఏర్పాటు ప్రధానంగా అవినీతి, పదవీ దుర్వినియోగం ఆరోపణలకు ఉద్దేశించినది. రియాక్టర్ భద్రతపై సాంకేతిక అభ్యంతరాలకు అది సరిగా సరిపోదు.

దీనికి గోప్యత తోడైంది. ఎ.గోపాలకృష్ణన్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు అణుశక్తి నియంత్రణ మండలి 1995లో దాదాపు 130 భద్రతా అంశాలతో నివేదిక రూపొందించింది. దానిని బహిర్గతం చేయాలని పౌరహక్కుల సంఘం కోరగా, 1962 నాటి అణుశక్తి చట్టంలోని 18వ సెక్షన్ కింద ఉన్న గోప్యతను 2004లో సుప్రీంకోర్టు సమర్థించింది. నియంత్రణ సంస్థ నివేదికే వెలుగు చూడనిచోట, ఒక సాధారణ టెక్నీషియన్ హెచ్చరిక నిలవాలంటే చట్టం అండ మరింత అవసరం.