బోగోలు తీరమున పండుగప్ప

బియ్యము కొనునపుడు మనము అది పాతదా, కొత్తదా, ఏ మాగాణిలో పండినది, దంపుడుదా, మరపట్టినదా యని పదివిధముల విచారింతుము. చేప కొనునపుడు మాత్రము తూకమును, వెలను తప్ప మఱియొకటి యడుగము. గంప గుమ్మములో దిగును, బేరము కుదురును, చేప చట్టిలోనికి వచ్చును. అది యే నీట పుట్టినదో, ఏ నీట పెరిగినదో, దానిని పట్టుటకు ఎవరు ఎన్ని గడియలు గట్టున నిలిచిరో మనకు తెలియదు. ఈ మాసమున అట్టి చేప నొక్కదానినిగూర్చి నాలుగు మాటలు చెప్పుకొందము. ఆ చేప పండుగప్ప. దాని కథ తెలిసినయెడల గంప ముందు కూర్చున్నపుడు మన బేరము కొంత మారునని నా నమ్మకము.

నెల్లూరునకు ఉత్తరముగా, కావలికి దక్షిణముగా బోగోలు మండలమున్నది. ఆవిరియింజనుల కాలమున రైలుశాలకు పేరుపడిన బిట్రగుంట యిచ్చటిదే. ప్రసన్న వేంకటేశ్వరస్వామి వెలసిన కొండబిట్రగుంటయు ఇచ్చటనే కలదు. తూర్పున సముద్రము, జువ్వలదిన్నె యొద్ద ఇటీవల ఫిషింగు హార్బరు కట్టబడినది. సముద్రమునకును ఊళ్లకును నడుమ తీరము వెంబడి బకింగుహాము కాలువ సాగుచున్నది. 1806లో చెన్నపట్టణమునకు ఉత్తరముగా మొదలైన ఈ కాలువ క్రమముగా పెద్దగంజాము వఱకు పెరిగినది. 1876–78 నాటి ఘోరమైన కఱవులో కూలినాలి లేని జనులకు పనిచూపుటకై చెన్నపట్టణములోని భాగము త్రవ్వింపబడగా, అప్పటి గవర్నరగు బకింగుహాము ప్రభువు పేర 1878లో దీనికి ఈ పేరు కలిగినది. ఉప్పు, కట్టెలు, ధాన్యము పడవలమీద దీనిలో పోవుచుండెడివి. 1965, 1966 సంవత్సరముల తుపానులలో దెబ్బతిన్న పిమ్మట పడవలు నిలిచిపోయినవి గాని, కాలువయు, దానితో కలియు ఉప్పుటేఱులును చేపలకు ఆలవాలములై నిలిచినవి.

పండుగప్ప ఈ ఉప్పుటేఱుల దొర. శాస్త్రజ్ఞులు దీనిని లేటిస్ కాల్కరిఫర్ అందురు. తమిళులకు ఇది కొడువా, వంగదేశీయులకు భేట్కి, ఆస్ట్రేలియావారికి బారముండి. ఆ చివరి పేరు క్వీన్సులాండు దేశపు ఆదిమవాసుల భాషనుండి వచ్చినది; పెద్ద పొలుసుల నదీమత్స్యమని దాని యర్థము. ఆంగ్లమున దీనిని సీబాస్ అనికూడ పిలుతురు. బాస్ అను పేరుగల చేపలు లోకమున పెక్కు జాతులవి కలవు. పేరు ఒకటే గాని వానికన్నిటికిని చుట్టరికము లేదు. అమెరికాలోని స్వచ్ఛమైన చల్లని సరస్సులలో గట్టున నిలిచి బాస్‌ను గాలముతో పట్టుట అక్కడివారికి గొప్ప వినోదము. మన పండుగప్ప యట్టి చలిని ఓర్వదు. ఉరమరికగా 26 మొదలు 30 డిగ్రీల వెచ్చని నీరు దానికి హితము. నీరు చల్లబడిన దినములలో మేత తగ్గించి మందగించి యుండును.

పట్టు విద్యలో గూడ ఈ భేదము కనబడుచున్నది. నిర్మలమైన సరస్సులో చేప కన్నులతో చూచి వేటాడును. ఆ కన్నులే గట్టుమీది మనుష్యునిగూడ పసిగట్టును. కావున అచ్చటివారు మాసిన రంగు బట్టలు కట్టి, వంగి నడచి, సన్నని దారమును దూరముగా విసరుదురు. మన కాలువ నీరు తరచుగా బురదతో మసకగా నుండును. ఇచ్చట చేపకు కన్నులకంటె ఒంటి ప్రక్కలనున్న గీత యెక్కువ అక్కఱకు వచ్చును. తలనుండి తోక వఱకు సాగిన ఆ గీత నీటిలోని చిన్న కదలికనైనను పట్టుకొనగలదు. కనుకనే గట్టున అడుగులు ధబధబ వేసిన వానికి చేప దక్కదు. కదలని చచ్చిన యెరకంటె కొట్టుకొను బ్రతికిన రొయ్యయే మేలు. కన్నులను మోసగించుట యొక విద్య. నీటి చలనమును నమ్మించుట వేఱొక విద్య.

గాలమువాని సామానుకు పెద్ద ఖర్చు లేదు. ఒక వెదురుకఱ్ఱయో, వట్టి చేతిదారమో, కొన్ని గాలములు, సీసపు గుండు, బెండు, కుండలో బ్రతికిన రొయ్యలు. రొయ్య తలలో నల్లగా కనబడు భాగమునకు ముల్లు తగులరాదు. తగిలిన రొయ్య చచ్చును, చచ్చిన రొయ్య యీదదు. పండుగప్ప తిరుగులాడి వెదకికొను చేప కాదు, పొంచియుండు చేప. వంతెన స్తంభముల నీడన, పాడుబడిన లాకుల ప్రక్కన, మడచెట్ల వేళ్ల సందున నిలిచి, ప్రవాహము తెచ్చు మేతకై కాచుకొని యుండును. నీరు నిలిచియున్నపుడు దానికి పనిలేదు. పోటు ఎక్కునపుడును, పాటు దిగునపుడును నీరు కదలును. నీటితోడ రొయ్యలును చిన్నచేపలును కదలును. అప్పుడు పండుగప్పయు కదలును. అందులో తెల్లవాఱుజామును, మునిమాపును శ్రేష్ఠమైన వేళలు. కావున గట్టునకు పోవువాడు గడియారముకంటె చంద్రుని ఎక్కువగా చూచును. అమావాస్య, పున్నమల దరిని పోటుపాటులు బలముగా నుండును.

పండుగప్ప మేతను కొఱికి తినదు. పెద్ద నోటిని ఒక్కుమ్మడి తెఱచి, నీటితో సహా లోనికి పీల్చివేయును. ఆ నోటి చప్పుడు నిశ్శబ్దమైన రాత్రి గట్టువఱకు వినబడును. గాలము తగిలినంతనే నీటిపైకెగిరి తల విదల్చును. ఆ క్షణమున దారము సడలెనా, గాలము ఊడిపోవును. మఱియొక యాపదయు కలదు. దాని చెవిఱెక్కల అంచు చాకువలె పదునైనది. సన్నని దారమును తెంపివేయును, చేతిని కోయును. అందుచే గాలమునకు పైన మూరెడు దూరము దళసరి నైలాను కట్టుదురు. చేపను వ్రేళ్లతో చెవులలో పట్టక చిక్కముతో ఎత్తుదురు. వంటయింట చేప శుభ్రపఱచు మనకును ఇది జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి. చెవిఱెక్కలను ముందు కత్తెరతో తీసివేసి పిమ్మట పొలుసు గీచికొనుట క్షేమము.

ఇక దీని జీవితమును వినుడు. ఇది యుప్పునీటిని, మంచినీటిని రెంటిని ఓర్వగల చేప. గ్రుడ్లు పెట్టుట మాత్రము సముద్రపు ఉప్పు సోకుచోట, ఏఱు కడలిలో కలియు ముఖద్వారములయొద్దనే. పున్నమ, అమావాస్యలయందు ఎక్కు పోటునకు తల్లులు గ్రుడ్లు విడుచును. ఆవగింజకంటె చిన్నవైన ఆ గ్రుడ్లను పోటు లోనికి కొనిపోవును. వెచ్చని నీటిలో ఒక్క దినము లోపలనే పిల్లలు వెలువడును. ఆ పిల్లలు ఏఱులలోనికి, కాలువలలోనికి, వాననీరు నిండిన మడుగులలోనికి చేరి అచ్చట పెరుగును. కొన్నియేండ్లకు పెరిగి మరల సముద్రము దరికి దిగును. పుట్టినిల్లు ఒకటి, పెరుగు ఇల్లు వేఱొకటి. రెంటికిని నడుమ వాకిలి తెఱచియుండవలెను. మన తీరమున కార్తీక మార్గశిరముల ఈశాన్యపు వానలు ఇసుకమేటను కోసి ముఖద్వారమును తెఱచును. వేసవిలో ఇసుక మరల దానిని పూడ్చును. ఆ వాకిలికి అడ్డు పడిన యేడు ఇటు పిల్లలు లోనికి రావు, అటు పెద్దవి వెలికి పోవు.

ఇందులో మిక్కిలి వింతయైన సంగతి యొకటి కలదు. పండుగప్పలు ప్రాయికముగా మొదట మగవిగా ఈడేఱును. సాధారణముగా 2 కిలోల తూకమునకు చేరునప్పటికి మగచేపగా నుండి, మఱికొన్నియేండ్లకు 4, 5 కిలోలు మించిన పిదప ఆడుదిగా మాఱును. ఇట్లు మాఱిన పెద్ద తల్లి పది లక్షలకు మించిన గ్రుడ్లు మోయగలదు. దీని యర్థమేమన, గంపలో ఎనిమిది, పది కిలోల పండుగప్ప కనబడినచో అది దాదాపుగా తల్లియే. ఒడ్డున పడినది ఒక్క చేప కాదు. దానితో రాబోవు పోటులలో ఏటికి రావలసిన సంతానమంతయు పోయినది.

క్వీన్సులాండులో ఈ సంగతి గుర్తించి చట్టము చేసిరి. 58 సెంటీమీటర్లకు తక్కువైన బారముండిని పట్టరాదు. 120 సెంటీమీటర్లు మించినదానినిగూడ ఉంచుకొనరాదు. చిన్నది పిల్ల, పెద్దది తల్లి; ఈ రెంటిని నీటికి వదలి నడిమిదానినే తీసికొందురు. మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు సముద్రమున వేటకు విరామము కలదు. అది మేలైన కట్టుబాటే. కాని యంత్రపు పడవలను ఉద్దేశించినది. ఉప్పుటేటి గట్టున చేతిదారముతో నిలిచిన పేదవానికి ఏ చేప వదలవలెనో చెప్పునది చట్టముకంటె వానియొద్ద కొనువారి కోరికయే. పెద్దచేప కావలెనని, అందులో నిండు జెన గలది కావలెనని మనము అడిగినంతకాలము వాడు తల్లిని ఏల వదలును? ఆ దినపు కూలి దానిలోనే యున్నది. కావున తప్పు వానిమీద వేయుట న్యాయము కాదు.

అట్లని పండుగప్పను మానివేయుమని నేను చెప్పుట లేదు. దీనిలో సన్నముండ్లు తక్కువ. మాంసము తెల్లగా మెత్తగా నుండును. పిల్లలకును వృద్ధులకును భయము లేకుండ పెట్టదగినది. పుష్టినిచ్చు మాంసకృత్తులు నూటికి 20 పాళ్ల దరిని కలవు. మానవలసినది చేపను కాదు, అవివేకపు ఎంపికను. పళ్లెమంత చిన్నదానిని, పీపాయంత పెద్దదానిని విడిచి, నడిమి తూకము కోరుడు. అంతకంటె మేలు, చెఱువులో పెరిగినది దొరకిన దానిని కొనుడు. మదరాసులోని కేంద్ర ఉప్పునీటి జలజీవపాలన పరిశోధన సంస్థ 1987లో స్థాపింపబడి, 1997లో మన దేశమున మొదటిసారిగా పండుగప్పచేత బంధమునందే గ్రుడ్లు పెట్టించి పిల్లలను దించినది. అటుపై చెఱువులకు పిల్లలు దొరకుచున్నవి. కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతములలో ఈ సాగు చక్కగా వ్యాపించినది.

ఈ పిల్లల పెంపకమున స్త్రీల చేతికి తగిన పని యొకటి కలదు. పండుగప్ప పిల్లలు కడు తిండిపోతులు. పెద్దది తన తోడబుట్టినదానినే మింగును. తనలో సగమునకు మించిన పొడవుగల చేపనుగూడ మింగగలదు. అందుచే కొలది దినములకొకసారి వానిని పరిమాణమునుబట్టి ఏఱి వేఱుపఱుపవలెను. తమిళనాడు తీరమున కొన్ని స్త్రీల సంఘములు సన్నవలతో కట్టిన తొట్లలో ఈ పిల్లలను పెంచి, వ్రేలెడు కాగానే చెఱువుల రైతులకు అమ్మినవి. చేటలో బియ్యమునుండి నూకలు వేఱుచేయు ఓర్పే యిచ్చట పెట్టుబడి. బోగోలు వంటి చోట్ల, కాలువ యొద్దనే నివసించు ఇల్లాండ్రకు ఇట్టి వృత్తి దొరకినయెడల ఏటి తల్లిచేపమీది భారము కొంత తగ్గును. వారి యింటికి నాలుగు రూకలును వచ్చును.

చివరకు వంటమాట. చేపను కొనునపుడు కన్ను తేటగా ఉబికియున్నదా, చెవిలోపల ఎఱ్ఱగా నున్నదా, వ్రేలితో నొక్కిన గుంట తిరిగి లేచుచున్నదా చూడుడు. ఇంటికి తెచ్చిన వెంటనే వండనిచో సమానమైన మంచుగడ్డలో ఉంచుడు. నెల్లూరి పులుసునకు చింతపండు రసము, పుల్లమామిడి ముక్కలు, వేయించి పొడిచేసిన మెంతులు ప్రాణము. ముక్కలు వేసిన పిమ్మట గరిటె పెట్టరాదు. చట్టిని రెండు చేతుల పట్టి తిప్పవలెను. పండుగప్ప మెత్తనిది గనుక పులుసు కాగి చిక్కబడిన తరువాతనే ముక్కలు వేయుడు. మట్టిచట్టిలో రాత్రి వండి మఱునాడు వడ్డించిన రుచి నెల్లూరివారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

రేపు గంప దింపి, "అమ్మా, ఇది పెద్దది, లోపల జెన కూడా ఉన్నది, తీసికొమ్ము" అని చేపలమ్మ అడిగినప్పుడు ఒక్క నిమిషము ఆలోచింపుడు. "అక్కా, నడిమిది తెచ్చిన రోజున పిలువుము, మంచి వెలయే యిచ్చెదను" అని చెప్పుడు. ఆమె పోయి గట్టుమీది వానితో ఆ మాట చెప్పును. పదియిండ్లు అట్లే చెప్పినచో ఆ మాట ఏటివఱకు చేరును. మన మనుమలు కూడ నెల్లూరి చట్టిలో పండుగప్ప పులుసు తినవలెనన్న, ఆ తల్లిచేప ముఖద్వారము దాటి సముద్రము చేరవలెను.