యానాము: పాలన మారినను నిలిచిన చట్టములు

ఒక ప్రాంతమున ప్రభుత్వము మారిన నాడే అచ్చటి పాత చట్టములన్నియు తమంతట తామే తొలగిపోవునని పలువురు తలచుట కలదు. అది సరికాదు. చట్టమును రద్దు చేయుటకు సాధారణముగా అధికారముగల శాసనసభయో, పార్లమెంటో మరియొక చట్టము చేయవలెను. అంతవరకు పాత చట్టము అమలులోనే యుండును. ఈ సూత్రము తెలుగువారి జీవితమున పనిచేసిన తీరును గోదావరీ తీరమందలి యానాము చక్కగా చూపుచున్నది.

యానాము 1954 జూన్ 13న ఫ్రెంచి పాలననుండి విముక్తి పొందినది. ఆ యేటి నవంబరు 1న ఫ్రెంచి స్థావరముల పరిపాలన భారతదేశమునకు అప్పగింపబడినది. 1956 మే 28న అప్పగింత ఒడంబడికపై సంతకములైనవి. కాని అది అమలులోనికి వచ్చినది 1962 ఆగస్టు 16ననే. అందుచేత దాదాపు ఎనిమిదేండ్లు పాలన భారతదేశముదైనను, న్యాయరీత్యా సార్వభౌమత్వము ఫ్రాన్సుదిగనే యుండెను.

పిమ్మట పార్లమెంటు చేసిన 1962 నాటి పాండిచ్చేరి పరిపాలనా చట్టము సయితము పాత చట్టములను ఒక్కమారుగ త్రోసివేయలేదు. వానిని మార్చువరకు, లేదా రద్దు చేయువరకు అవి కొనసాగునని నిర్దేశించినది. 1963 నాటి రెగ్యులేషను, 1968 నాటి చట్టముల విస్తరణ చట్టము మొదలగువాని ద్వారా భారతీయ చట్టములు క్రమముగ అచ్చట ప్రవేశించినవి.

రద్దనగా గతమును తుడిచివేయుట కాదు. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టములోని 6వ సెక్షను ప్రకారము, వేరు ఉద్దేశము కనబడనియెడల, రద్దైన చట్టము క్రింద అదివరకే కలిగిన హక్కులు, బాధ్యతలు, నడచుచున్న వ్యాజ్యములు చెడవు. పాత చట్టము ననుసరించి పొలము కొన్నవాని హక్కు, ఆ చట్టము పోయినంత మాత్రమున పోదు.

కొన్ని విషయములలో మినహాయింపులును కలవు. 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి డిక్రీ ననుసరించి, తమ మతసంబంధమైన వ్యక్తిగత న్యాయమును విడిచి ఫ్రెంచి సివిల్ కోడును స్వీకరించినవారిని 'రెనోన్సాంట్లు' అందురు. హిందూ వివాహ చట్టమును పాండిచ్చేరి ప్రాంతమునకు విస్తరించినపుడు, అది వీరికి వర్తింపదని స్పష్టముగ చెప్పబడినది.

భాష విషయమునను ఇదే వరుస కానవచ్చును. ప్రజాప్రతినిధులు వేరుగ నిర్ణయింపనంతవరకు ఫ్రెంచియే అధికారభాషగ నుండునని ఒడంబడికలో నున్నది. 1965 నాటి అధికారభాషల చట్టము యానామున ప్రభుత్వ వ్యవహారములకు తెలుగును వాడుటకు వీలు కల్పించినది.

కావున యానాము కుటుంబములలోని పాత పత్రములను కాలము చెల్లినవని పారవేయరాదు. వానిని పరిశీలించువారు మూడు సంగతులు విచారింపవలెను: పత్రము వ్రాసిన నాడు అమలులో నున్న చట్టమేది? అది ఎన్నడు రద్దైనది? రద్దుచేసిన చట్టము దేనిని కాపాడినది? ఈ మూడును తేలిన పిమ్మటనే హక్కు నిలిచినదో, పోయినదో చెప్పుటకు వీలగును.