ఇంట్లో వాసన రాకుండా ఉండాలంటే ఏ కుక్కని పెంచుకోవాలి? మారేడుమిల్లి తమ్ముడి ప్రశ్న

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క మెసేజ్ గురించే. మారేడుమిల్లి నుంచి ఒక తమ్ముడు పంపాడు. "అక్కా, నాకు గోల్డెన్ రిట్రీవర్ గానీ హస్కీ గానీ తెచ్చుకోవాలని ఉంది. మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో టిఫిన్ హోటల్. అమ్మ ఏమందంటే, ఇంట్లో కుక్క వాసన వచ్చిందా, మర్నాడే ఘాట్ రోడ్డులో వదిలేసి వస్తాను అంది. వాసన రాని బ్రీడ్ ఏదో చెప్పు."

ముందు అమ్మగారి మాట గురించి. కోపంలో అన్నారు లెండి, కానీ నిజంగా అలా వదిలేసేవాళ్లు ఉన్నారు. ఇంట్లో పెరిగిన కుక్కని ఆకలికీ దాహానికీ వదిలేసి రావడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పైగా మీ పక్కనే పాపికొండల అడవి. అక్కడ వదిలేసిన కుక్క ఆకలికి చచ్చిపోతుంది, లేదా అడవి జంతువుల మీద పడుతుంది, దాని జబ్బులు వాటికి అంటిస్తుంది. కాబట్టి తెచ్చుకునే ముందే ఆలోచించడం మంచి పని తమ్ముడూ.

ఇంక అసలు విషయం. వాసన అస్సలు రాని కుక్క లేదు. ఎవరైనా "ఇది వాసన రాదు సార్" అని అమ్ముతుంటే నమ్మకండి. కానీ తక్కువ వచ్చేవీ, ఎక్కువ వచ్చేవీ ఉన్నాయి. తేడా ఎక్కడుందో తెలిస్తే బ్రీడ్ మీరే ఎంచుకోవచ్చు.

కుక్క మనలా ఒళ్లంతా చెమట కార్చదు. దానికి చెమట ముఖ్యంగా పాదాల కింద పడుతుంది. పాదాల దగ్గర కొంచెం మొక్కజొన్న పేలాల వాసన వస్తే అది మామూలే. ఒంటి మీద మాత్రం చర్మం నుంచి నూనె లాంటి జిడ్డు ఊరుతుంది. ఆ జిడ్డు మీద కంటికి కనిపించని బ్యాక్టీరియా, ఈస్ట్ బతుకుతాయి. అవి వదిలే పదార్థాలే వాసన. ఒళ్లు పొడిగా ఉన్నంతసేపు పెద్దగా తెలీదు. తడిస్తే మాత్రం, ఆ నీరు ఆవిరయ్యేటప్పుడు వాటినీ గాల్లోకి లేపుతుంది. తడిసిన కుక్క గదిలోకి రాగానే గుప్పుమనేది అందుకే.

ఇప్పుడు మారేడుమిల్లి సంగతి ఆలోచించండి. జూన్‌లో మొదలైతే అక్టోబర్ దాకా వానలు, పొగమంచు. ఉతికిన బట్టలే రెండు రోజులకి గానీ ఆరవు. అక్కడ హస్కీని పెట్టారనుకోండి. అది సైబీరియా చలికి తయారైన కుక్క. దాని బొచ్చు రెండు పొరలు, లోపలి పొర దట్టంగా దూదిలా ఉంటుంది. తడిస్తే లోపల్లోపల గంటలకొద్దీ ఆరదు. గోల్డెన్ రిట్రీవర్‌ది స్కాట్లాండ్, దానిదీ రెండు పొరల బొచ్చే. లాబ్రడార్ పొట్టి బొచ్చే కదా అంటారు. నిజమే, కానీ చల్లటి నీళ్లలో దూకడానికి పెంచిన జాతి అది. నీరు అంటకుండా దాని బొచ్చుకి జిడ్డు ఎక్కువ. మంచి కుక్కే, మీ ఇంటికి మాత్రం కాదు.

చెవులు కూడా చూడాలి. కాకర్ స్పానియల్, బీగిల్ లాంటి వాటికి చెవులు కిందికి వేలాడతాయి. లోపలికి గాలి ఆడదు, తేమ పోదు, ఈస్ట్ పెరిగి పులిసిన పిండి లాంటి వాసన వస్తుంది. పగ్‌కి ముఖం మీద ముడతల్లో ఇదే గొడవ. పూడుల్, షిట్జూ బొచ్చు పెద్దగా రాలవు, అది నిజం. కానీ ట్రిమ్మింగ్ చేయించకపోతే చిక్కులు పడి లోపల తేమ నిలుస్తుంది. నెలనెలా దానికోసం రంపచోడవరం మీదుగా రాజమండ్రి దాకా, 80 కిలోమీటర్ల పైచిలుకు, ఎవరు తీసుకెళ్తారు?

మరి మిగిలేవి ఏవి? పొట్టిగా, నున్నగా, ఒంటికి అతుక్కున్నట్టుండే బొచ్చు, నిలబడే చెవులు, ముడతల్లేని ముఖం. ఈ మూడూ ఎక్కడో చూసినట్టు లేదూ? మన ఊరి కుక్క! దాన్ని ఎవరూ కూర్చోబెట్టి తయారుచేయలేదు, ఈ ఎండకీ వానకీ తట్టుకున్నవే మిగిలాయి. తడిస్తే నాలుగుసార్లు విదిలించుకుని, ఒక తువ్వాలు తుడుపుతో ఆరిపోతుంది.

జాతి కుక్కే కావాలంటే మన ఆంధ్రాదే ఒకటుంది, జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాయడానికి వాడేవాళ్లు. నున్నటి పొట్టి బొచ్చు. మొరగడం కన్నా రాగం తీసినట్టు అరుస్తుందని పేరు. గోతులు తవ్వడం దీనికి మహా ఇష్టం, పెరడు మీద ఆశ వదులుకోండి. అసలైనవి ఇప్పుడు తక్కువ, కాబట్టి ఫోటో చూసి ఆన్‌లైన్‌లో డబ్బులు వేయకండి. వెళ్లి తల్లిని చూశాకే మాట్లాడండి. తమిళనాడు చిప్పిపారై, కర్ణాటక ముధోల్ కూడా వాసన తక్కువవే, కానీ అవి వేట కుక్కలు. పరిగెత్తేది ఏది కనిపించినా వెంటపడతాయి. అడవి అంచున, కోళ్లు తిరిగే ఊళ్లో అది తలనొప్పి.

బ్రీడ్ సరిగ్గా ఎంచుకున్నా సగం పని మనదే. ఇంట్లో వాసన ఎక్కువగా కుక్కలోంచి కాదు, దాని పడకలోంచి వస్తుంది. గోనె పట్టా వేస్తారు చాలామంది, వానాకాలం అది తేమ పీల్చుకుని ముక్కిపోతుంది. నేలకి కొంచెం ఎత్తుగా చెక్క వేసి, పైన పాత కాటన్ చీర మడిచి వేయండి, వారానికోసారి ఉతకండి. స్నానం నెలకి ఒకటి రెండుసార్లు చాలు. రోజూ చేయిస్తే చర్మం పాడై వాసన ఇంకా పెరుగుతుంది. మన షాంపూ, డెట్టాల్ వద్దు. కుక్క చర్మం మనలాంటిది కాదు, పైగా అది ఒళ్లు నాక్కుంటుంది. స్నానం కన్నా ఆరబెట్టడం ముఖ్యం. ఇంట్లో మూత్రం పోస్తే పైన ఫినాయిల్ చల్లి వదిలేయకండి, కింద వాసన అలాగే ఉండి కుక్క మళ్లీ అక్కడికే వస్తుంది. బ్లీచింగ్ అసలే వద్దు, మూత్రంతో కలిస్తే ఘాటు వాయువు లేస్తుంది. నీళ్లు, వెనిగర్ సమానంగా కలిపి తుడవండి.

ఇంకోటి. ఎప్పుడూ రాని వాసన హఠాత్తుగా వస్తే అది శుభ్రత సమస్య కాదు, జబ్బు. చేపల కంపు వస్తూ, వెనక భాగం నేలకి రుద్దుకుంటుంటే మలద్వారం పక్కన ఉండే గ్రంథులు నిండిపోయి ఉండొచ్చు. నోటి కంపు అయితే పళ్లకి పాచి, చిగుళ్ల జబ్బు. పశువుల డాక్టర్‌కి చూపించాలి, సెంటు కొట్టడం కాదు.

తమ్ముడూ, నువ్వు పంపిన ఫోటోలో వెనకాల, బొంగులో చికెన్ కాల్చే బండి కింద, గోధుమ రంగు పిల్ల ఒకటి పడుకుని ఉంది చూశావా? ఎవరిదో కనుక్కో. ఎనిమిది వారాలు నిండి, పాలు మానేసి ఉంటేనే తెచ్చుకో. తెచ్చిన వారంలోనే డాక్టర్‌కి చూపించి టీకాలు మొదలుపెట్టించు, రేబిస్‌ది మూడో నెలలో. మొదటి వాన తడిసి ఇంట్లోకొచ్చిన రోజు అమ్మ ఏమన్నారో నాకు మెసేజ్ పెట్టు.