గత్తపు కుప్పలో గొల్యాతు బంధువు



తొలకరికి ముందు మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో పొలాలకు గత్తం తోలేటప్పుడు, కుప్ప అడుగున తెల్లగా, లావుగా, కొడవలి వలె వంగిన పురుగులు కనబడతాయి. అవన్నీ కొబ్బరిని పాడుచేసే కొమ్ము పురుగు పిల్లలేనని ఎంచి చంపివేస్తాము. గాని వాటిలో రెండు జాతులు ఉండవచ్చును.

రెండవది పూల పెంకు పురుగు. మన దేశంలో ఎర్రని వీపుపై నల్లని మచ్చలు, తెల్లని చుక్కలు గల జాతి ఒకటి వంగ, బెండ పూలపై వాలుతుంది. ఇతర పెంకు పురుగులు పై రెక్కలు విప్పి ఎగురుతాయి. ఇది వాటిని మూసియుంచే, ప్రక్కనున్న సందులోనుండి లోరెక్కలు చాపి ఎగురుతుంది. దీని బంధువులు ఆఫ్రికాలో బహు రంగులతో ఉన్నాయి. పసుపు, గోధుమ రంగుల పాక్నోడాను అనేక దేశాలవారు ఇండ్లలో పెంచుకుంటారు. మరొక దానికి దావీదు జయించిన గొల్యాతు పేరు పెట్టారు. దాని పిల్లపురుగే దాదాపు 100 గ్రాములు తూగుతుంది!

ఈ రెంటినీ గుర్తించుట సులభమే. పురుగును చదునైన నేలపై ఉంచండి. వెల్లకిలా తిరిగి వీపుతో పాకిపోతే అది పూల పెంకు పురుగు పిల్ల. అది కుళ్ళిన ఆకును, పెంటను తిని మెత్తని ఎరువు చేస్తుంది. పెద్దదై గుంపుగా వస్తే కొంత పూత చెడవచ్చును గాని, కుప్పలో అది మన పనివాడే.

వీపుతో పాకక, ప్రక్కకు ముడుచుకొని పడియుంటే, బొటనవ్రేలంత లావుంటే, కొమ్ము పురుగు పిల్ల కావచ్చును. అది పెద్దదై కొబ్బరి మొవ్వును తొలుస్తుంది. తరువాత విచ్చుకొనే ఆకులు కత్తెరతో కోసినట్లుంటాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి తోటలను కూల్చింది. అట్లు కూలి కుళ్ళిన మ్రానులే కొమ్ము పురుగుకు ఊయల. కాబట్టి పడిన మ్రానులను తోటలో ఉంచకండి. గత్తాన్ని అప్పుడప్పుడు తిరగవేసి దాని పిల్లలను ఏరివేయండి. మెటారైజియం అనే పచ్చని బూజు మందును కుప్పలో కలిపితే ఆ పిల్లలకు తెగులు సోకి చస్తాయి. చెట్టు మొవ్వులో దూరిన పెద్ద పురుగును ఇనుప కొక్కెంతో లాగివేయండి.

ఒకే కుప్పలో పుట్టినంత మాత్రాన అందరిదీ ఒకే నడత కాదు. ఈసారి పార ఎత్తేముందు, ఆ పురుగు ఎలా నడుస్తుందో ఒక నిమిషం చూడండి. పిల్లలకు కూడా చూపించండి.