కంప్యూటరులో తెలుగక్షరము

కంప్యూటరు అక్షరము నెరుగదు. దానికి తెలిసినవి కలదు, లేదు అను రెండు విద్యుత్ స్థితులు మాత్రమే. ఈ రెంటిలో నొకదానిని నిలుపు చోటునకు బిట్టని పేరు. ఎనిమిది బిట్టులు ఒక బైటు. ఛందస్సు చదివినవారి కిది క్రొత్త లెక్క కాదు. అనుష్టుప్పున పాదమునకు 8 అక్షరములు; ఒక్కొక్కటి గురువో లఘువో యగును. ప్రస్తారము వేసిన 256 భేదములు వచ్చును. బైటునకును భేదములు సరిగా అన్నియే.

కావున అక్షరమును దాచుట యనగా, దాని కొక సంఖ్య నేర్పరచి ఆ సంఖ్యను దాచుటయే. మన కటపయాదియు నిట్టిదే గాని, అందు క, ట, ప, య నాలుగింటికిని ఒకటే యంకె. ఇచ్చట అట్టి పొత్తు పనికిరాదు.

1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ పట్టికలో 128 స్థానములే కలవు. ఇంగ్లీషున కవి చాలును; తెలుగునకు చోటు లేదు. అందుచే మన అచ్చుపనివారు ఇంగ్లీషక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములను తగిలించి ఫాంటులు చేసికొనిరి. ఒక్కొక్క ఫాంటున నొక్కొక్క క్రమము. ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో, పద్యమునకు మారుగా ఇంగ్లీషు గుర్తులు చెల్లాచెదరుగా కానవచ్చును. మీ గ్రామ స్థలపురాణమో, వంశావళియో అట్లు టైపు చేయించియున్నచో, ఆ ఫాంటు దొరకుచుండగనే యూనికోడులోనికి మార్పించుకొనుడు. కాగితపు ప్రతిని మాత్రము పారవేయకుడు.

యూనికోడు మొదటి కూర్పు 1991లో వెలువడినది. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు స్థానములు. 'అ' 3077, 'క' 3093. వత్తులకు వేరు సంఖ్యలు లేవు. 'క్ష' యనగా క, పొల్లు, ష: 3093, 3149, 3127. పొల్లు కకారమందలి అకారమును తొలగించును, పిదప షకారము చేరును. రూపము గట్టుట ఫాంటు పని. యంత్రము వ్యాకరణమార్గమునే పట్టినదని నాకు మిక్కిలి సంతోషము.

ఇంత పెద్ద సంఖ్య యొక్క బైటున పట్టదుగదా! 1992లో కెన్ థాంప్సను, రాబ్ పైకు అనువారు కల్పించిన యుటిఎఫ్-8 పద్ధతిలో 'క' 224, 176, 149 అను మూడు బైటులగును. 'క్ష'కు తొమ్మిది. ఇంగ్లీషక్షరమునకు నేటికిని ఒకటే చాలును.

పట్టికలో అప్పుడప్పుడు క్రొత్త స్థానములు చేరుచున్నవి. ప్రాచీన ప్రతులలోని నకారపొల్లునకు 2021లో గాని 3165వ స్థానము లభింపలేదు. అంతవరకు దానిని ఉన్నదున్నట్లు కంప్యూటరున నెత్తివ్రాయుటకు దానికంటూ ఒక సంఖ్యయే లేకుండెను.